పిండిపురుగుల కాలేజీ

శనివారం రాత్రి.

అమ్మాయి పదకొండో తరగతి అయిపోవస్తోంది. అందుకని ఈ మధ్య మా శనివారాలన్నీ కాలేజీలు చూడడానికే సరిపోతున్నాయి. ఈ రోజు బ్రిన్ మార్ అనే ఆడపిల్లల కాలేజీ వంతు. ఫిలడెల్ఫియా శివార్లలో ఉంది. మా మాల్వర్న్‌లో లోకల్ రైలెక్కితే చాలు, స్టేషన్ నుంచి కాలేజీకి నడిచిపోవచ్చు. ఆయన కారులో దింపుతానన్నారు. పార్కింగ్ దొరక్క ఆయన విసుక్కోవడం, అది చూసి అమ్మాయి మూతి ముడుచుకోవడం నాకు కొత్త కాదు. రైలే నయమన్నాను.

ఇడ్లీలు డబ్బాలో సర్దుతుండగా గూడూరు నుంచి అక్క ఫోను. అక్కడ రాత్రి భోజనాలైన వేళ. అక్క కూతురు ఇంటర్ రెండో సంవత్సరం. ఎవరో శ్రీసిటీలో ఉన్న క్రియా విశ్వవిద్యాలయం గురించి చెప్పారట, ఆ పిల్ల అదే పట్టుకుని కూర్చుంది. "లెక్కలూ చరిత్రా కలిపి చదువుతుందటే! ఎంపీసీయో బైపీసీయో తేల్చుకున్నాక మళ్లీ ఈ కలగూరగంప ఏమిటి?" అని అక్క బాధ. మేమూ ఇక్కడ అటువంటి కాలేజీకే వెళ్తున్నామని చెప్పాను. ఎంతమంది చదువుతారని అడిగింది. డిగ్రీ పిల్లలు సుమారు 1,400 మంది అన్నాను. "మన వీధి చివర జూనియర్ కాలేజీలో అంతకంటే ఎక్కువమంది ఉన్నారు. అంత చిన్నచోట పాఠాలు చెప్పుకుంటారు గానీ పరిశోధనలేం చేస్తారే?" అంది. రైలుకు వేళవుతోందని తప్పించుకున్నాను గానీ, ఆ ప్రశ్న దారంతా నాతోనే వచ్చింది.

కాలేజీ చూపించే అమ్మాయి వెనక్కి వెనక్కి నడుస్తూ మాట్లాడింది. ఇక్కడ అన్ని కాలేజీల్లోనూ ఇదే పద్ధతి. మెట్ల దగ్గర కూడా వెనక్కి చూడకుండా ఎలా దిగుతారో నాకు అంతుపట్టదు. భోజనశాల, హాస్టల్ గదులు, బట్టలుతికే యంత్రాలు అన్నీ వివరించింది. మా అమ్మాయి శ్రద్ధగా వింది. నేను గుంపుకు వెనకబడి గోడలు చూస్తూ నడిచాను. ఫిలడెల్ఫియా చుట్టుపక్కల పాత ఇళ్ల గోడలకు వాడిన రాయి ఎండ పడితే తళుక్కుమంటుంది. రాయి నిండా కాకిబంగారం రేకులు. గూడూరు, సైదాపురం గనుల పక్కన పెరిగినదాన్ని, ఆ తళుకు నాకు తెలుసు. వాన కురిసి వెలిసిన మర్నాడు బడికి వెళ్లే దారంతా మెరిసేది. జేబుల్లో వేసుకుని ఇంటికి తెస్తే అమ్మ తిట్టేది.

ఈ రాళ్ల పుట్టుపూర్వోత్తరాలు తేల్చిన మనిషి ఈ కాలేజీ ఆచార్యురాలే. ఫ్లోరెన్స్ బాస్కమ్. జాన్స్ హాప్కిన్స్‌లో ఆమె చదివేటప్పుడు మగపిల్లల దృష్టి చెదురుతుందని తరగతిలో తెర కట్టి దాని వెనక కూర్చోబెట్టారు. తెర వెనక విన్న పాఠాలతోనే 1893లో అక్కడ డాక్టరేట్ తీసుకుంది. ఆ విశ్వవిద్యాలయం ఒక స్త్రీకి ఇచ్చిన మొదటి డాక్టరేట్ అది. 1895లో బ్రిన్ మార్‌కు వచ్చింది. ఇక్కడ ఆమెకు దొరికిన చోటు సామాన్లు పడేసే గది. అందులోనే రాళ్లు పేర్చుకుని, సూక్ష్మదర్శిని పెట్టుకుని భూగర్భశాస్త్ర శాఖను నిలబెట్టింది. మర్నాటి ఏడు అమెరికా భూగర్భ సర్వే సంస్థ ఆమెను ఉద్యోగంలోకి తీసుకుంది. అంతకుముందు అక్కడ భూగర్భశాస్త్రవేత్తగా ఆడవాళ్లెవరూ పని చేయలేదు. వేసవుల్లో కొండలూ వాగులూ తిరిగి పటాలు గీయడం, చలికాలం వచ్చి పాఠాలు చెప్పడం. ఆమె దగ్గర చదువుకున్న ఆడపిల్లలు తరవాత అదే సర్వేలో ఉద్యోగాలు చేశారు. కాళ్ల కింద ఉన్న రాయే చాలింది ఆమెకు.

ఇదంతా ఆయాసపడుతూ చెబితే, "అమ్మా, నువ్వు కూడా వెనక్కి నడువు, సరిగ్గా సరిపోతుంది" అంది అమ్మాయి.

తరవాత పాత లైబ్రరీ. మధ్యలో ఆకాశానికి తెరిచిన చతురస్రం, చుట్టూ కమానుల నడవా. ఆ నడవా రాళ్ల కింద గణితవేత్త ఎమ్మీ నోయెథర్ చితాభస్మం ఉంది. శక్తిని సృష్టించలేము, నాశనం చేయలేము అని పదో తరగతిలో రెండు మార్కుల ప్రశ్నకు బట్టీపట్టాం కదా. ఎందుకు చేయలేమో ఏ మాస్టారూ చెప్పలేదు. ప్రకృతి నియమాలు ఇవాళ ఎలా ఉన్నాయో రేపూ అలాగే ఉంటాయి, అందువల్లనే శక్తి లెక్క ఎప్పుడూ సరిపోతుందని 1918లో గణితంతో నిరూపించింది ఈవిడ. ఆ పని జర్మనీలో, గొట్టింగెన్‌లో ఉండగా చేసింది. అక్కడ మొదట్లో ఆమె పాఠాలను హిల్బర్ట్ అనే పెద్ద గణితవేత్త పేరు మీద ప్రకటించేవారు, జీతం లేదు. 1933లో నాజీలు యూదులను ఉద్యోగాల నుంచి తీసేసినప్పుడు, యూదురాలైన ఈవిడను బ్రిన్ మార్ పిలిచింది. రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ ఖర్చులో చేయి కలిపింది. వారానికోసారి ప్రిన్స్‌టన్ వెళ్లి అక్కడి పెద్దలకు చెప్పేది. మిగతా రోజులు ఇక్కడ గుప్పెడుమంది అమ్మాయిలకు బీజగణితం. రెండేళ్లయినా గడవకముందే, 1935 ఏప్రిల్‌లో, శస్త్రచికిత్స తరవాత చనిపోయింది.

ఇంకో సంగతి కూడా రాసుకోవాలి, లేకపోతే ఈ పొగడ్తంతా ఒకవైపే మొగ్గుతుంది. ఈ లైబ్రరీకి చాలాకాలం ఎం. కేరీ థామస్ పేరు ఉండేది. 1894 నుంచి 1922 దాకా అధ్యక్షురాలు. ఆడపిల్లల ఉన్నత చదువు కోసం ఎంత పోరాడిందో, నల్లజాతి విద్యార్థినులనూ యూదు అధ్యాపకులనూ రానివ్వకుండా ఉండడానికీ అంతే పట్టుపట్టింది. ఇప్పుడు ఆ పేరు తీసేసి పాత లైబ్రరీ అంటున్నారు. ఆమె పేరు పెట్టుకున్న భవనంలో ఒక యూదు గణితవేత్త చితాభస్మం చేరడం చూస్తే, కాలానికి కాస్త వెటకారం తెలుసనిపిస్తుంది.

నాకు వీళ్లందరిలో నెట్టీ స్టీవెన్స్ అంటే ప్రాణం. బడిపంతులమ్మగా పనిచేసి, డబ్బు కూడబెట్టుకుని, ముప్పై అయిదో ఏట డిగ్రీలో చేరిన మనిషి. బ్రిన్ మార్‌లో డాక్టరేట్ వచ్చేసరికి నలభై దాటాయి. అది 1903. ఆడబిడ్డా మగబిడ్డా అన్నది తల్లి తిండిని బట్టో, వేడిమిని బట్టో తేలుతుందని పండితులు వాదించుకుంటున్న కాలం. ఈవిడ పిండిపురుగులను తీసుకుంది. పోయిన వారం రవ్వ డబ్బాలో పురుగు కనబడితే ముక్కు మూసుకుని డబ్బాతో సహా పారేశాను. ఆవిడ అటువంటి వాటిని పెంచి, కోసి, రంగు వేసి, సూక్ష్మదర్శిని కింద పెట్టి లోపలి క్రోమోజోములు లెక్కపెట్టింది. ఆడపురుగు కణాల్లో ఇరవై, అన్నీ పెద్దవే. మగపురుగు కణాల్లోనూ ఇరవయ్యే, కానీ పందొమ్మిది పెద్దవి, ఒకటి మాత్రం చిన్నది. అండాలన్నింటిలో పది పెద్దవే ఉన్నాయి. వీర్యకణాలు మాత్రం రెండు రకాలు, సగం వాటిలో పది పెద్దవి, సగం వాటిలో తొమ్మిది పెద్దవీ ఆ చిన్నదీ. ఆ చిన్నది చేరితే మగ, లేకపోతే ఆడ. దానికే తరవాత వై అని పేరొచ్చింది. ఈ లెక్క అచ్చయింది 1905లో. అదే ఏడు కొలంబియా విశ్వవిద్యాలయంలో విల్సన్ అనే శాస్త్రవేత్త కూడా విడిగా ఇటువంటి నిర్ణయానికే వచ్చాడు, పేరు ఎక్కువగా ఆయనకే దక్కింది. స్టీవెన్స్ కోసం కాలేజీ ప్రత్యేకంగా ఒక పరిశోధక పదవి ఏర్పాటు చేసింది. అందులో చేరకముందే 1912లో రొమ్ము క్యాన్సర్‌తో పోయింది.

మా అమ్మమ్మకు వరసగా అందరూ ఆడపిల్లలే. అమ్మ నాలుగోది. అమ్మ పుట్టినప్పుడు తాతయ్య వాళ్లమ్మ పురిటిగది గుమ్మం కూడా తొక్కలేదట. కొడుక్కి మళ్లీ పెళ్లి చేస్తానని సంబంధాలు కూడా వెతికిందట. తాతయ్య ఒప్పుకోలేదు కాబట్టి సరిపోయింది గానీ, అమ్మమ్మ ఆ మాటలు బతికినంతకాలం తలుచుకునేది. బిడ్డ ఆడో మగో తేల్చేది తండ్రి వైపు కణమేనని అప్పటికి నలభై ఏళ్ల కిందటే తెలిసిపోయింది. గూడూరు దాకా ఎవరూ మోసుకురాలేదు.

తిరుగు రైల్లో అమ్మాయి కాలేజీ వాళ్లిచ్చిన పుస్తకం చదువుతూ వచ్చింది. వేసవిలో విద్యార్థినులు ఆచార్యుల దగ్గర పరిశోధనకు చేరవచ్చు, భత్యం కూడా ఇస్తారు. డిగ్రీ పిల్లలకు అంతటి అవకాశం పెద్ద విశ్వవిద్యాలయాల్లో సులువుగా రాదు, అక్కడ పీహెచ్‌డీ చేసేవాళ్లే బారులు తీరి ఉంటారు. గ్రీకు శిథిలాలు తవ్వేవాళ్లు, బీజగణితం వాళ్లు, రాళ్లవాళ్లు, నగరాలు ఎలా పుట్టి పెరిగాయో చదివేవాళ్లు, అందరూ ఈ కాలేజీలో ఉన్నారు. నగరాలకు ఏకంగా ఒక శాఖే ఉంది. తనకు అదీ కావాలట, జీవశాస్త్రమూ కావాలట. ఫీజు కాగితం మాత్రం మడిచి నా సంచిలో పెట్టింది. అది మీ నాన్నకు నువ్వే చూపించు అన్నాను.

రాత్రి అక్కకు మళ్లీ ఫోను చేశాను. పిండిపురుగు కథంతా చెప్పాను. అమ్మమ్మ మాట వచ్చేసరికి, "ఆ ముసలావిడ బతికుండగా తెలిసుంటే నేనే చదివి వినిపించేదాన్ని" అని పళ్లు కొరికింది. పొద్దున అడిగినదానికి ఇదే జవాబు, చిన్న కాలేజీలో చేసిన పనే ఇది అన్నాను.

"సరేలే, ఒప్పుకున్నాను" అంది. "ఇంతకీ ప్లేస్‌మెంట్లు ఎలా ఉంటాయి అక్కడ?"