తాళాల గుత్తి

పొద్దున ఆరున్నరకు తమ్ముడికి మళ్ళీ ఫిట్స్ వచ్చాయి. నల్లా దగ్గర చెంబు పడ్డ చప్పుడు విని, స్టవ్ కట్టేసి పరుగెత్తాను. అప్పటికే కింద పడి బిగుసుకుపోయాడు. ఎదురింటి పెద్దమ్మ నాకంటే ముందే వచ్చి తన తాళాల గుత్తి వాడి గుప్పిట్లో కుక్కుతోంది.

"ఇనుము పట్టిస్తే తగ్గుతది బిడ్డా."

ఆమె మీద కోపం రాలేదు. మొదటిసారి నేనూ అదే చేశాను. ఈసారి గుత్తి లాగేసి, వాణ్ణి పక్కకు తిప్పి, తల కింద చున్నీ మడిచి పెట్టి, ఫోన్‌లో టైం చూస్తూ కూర్చున్నాను. అయిదు నిమిషాలు దాటితే 108కి ఫోన్ చేయాలి. నిమిషం నలభై సెకన్లకు ఆగింది. ఆ నిమిషం నలభై ఎంతసేపో!

కాసేపటికి కళ్ళు తెరిచి, "అక్కా, పెండ్లికి ఎప్పుడు పోతున్నం?" అన్నాడు. పెళ్ళి రాత్రే అయిపోయింది. తిప్పర్తిలో బరాత్ ముగిసేసరికి రెండు దాటింది. వాడి గోలీలేమో ఇంట్లోనే ఉండిపోయాయి. నిద్రా లేదు, గోలీ లేదు, రాక ఏం చేస్తాయి? గుర్తు చేయాల్సింది నేనే కాబట్టి తిట్టడానికి కూడా నోరు రాలేదు.

చిట్యాల దగ్గర హైవే మీద బండి జారి పడి ఏడాదిన్నర అవుతోంది. హెల్మెట్ అద్దానికి వేలాడుతూనే ఉందట. తలలో గడ్డకట్టిన రక్తాన్ని ఆపరేషన్ చేసి తీశారు. ఫిట్స్ రాకుండా ఏడు రోజులు మందు ఇచ్చి ఆపేస్తే, ఇక గండం గడిచిందనుకున్నాం. ఆ మందు మొదటి వారంలో వచ్చేవాటికేనట. నెలల తర్వాత వచ్చేవాటిని అది ఆపదట. కుట్లు మానాయి, జుట్టు పెరిగింది, వాడు షాపుకు పోవడం కూడా మొదలుపెట్టాడు. ఎనిమిదో నెలలో ఒకరోజు అన్నం ముందు కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఒరిగిపోయాడు. ఎండదెబ్బేమో అనుకున్నాం.

దెబ్బ మానిన చోట మెదడులో మచ్చ మిగులుతుందని, దాని చుట్టూ ఉన్న కణాల్లో ఒక్కసారిగా కరెంటు చెలరేగుతుందని డాక్టరు స్కాన్ చూపించి చెప్పారు. కారిన రక్తంలోని ఇనుము అక్కడే ఉండిపోయి కణాలను రేపుతుందట కూడా. ఇనుము! ఈ మాట పెద్దమ్మకు ఎట్లా చెప్పను?

అమెరికాలో మిన్నెసోటా వాళ్ళు తీసిన లెక్క ఒకటి 1998లో వచ్చింది. తలకు తీవ్రంగా దెబ్బ తగిలినవాళ్ళలో ఆ తర్వాతి 30 ఏళ్ళలో ఫిట్స్ వచ్చేది నూటికి సుమారు 17 మందికి. చిన్న దెబ్బయితే ఇద్దరికి. మావాడు ఆ 17 మందిలో పడ్డాడు. ఇక ఎంత శాతమైతే ఏం?

మధ్యాహ్నం రెండు ముద్దలు తిని మళ్ళీ పడుకున్నాడు. వాడి బండి తాళం చెవి నెలల నుంచీ బియ్యం డబ్బాలోనే ఉంది.

సాయంత్రం పెద్దమ్మ వచ్చింది. "నా తాళాలు ఈడనే ఉన్నయా బిడ్డా? పొద్దటి సంది బీరువా తెరవలే." వెతికితే నల్లా పక్కన తడిలో దొరికాయి. కొంగుతో తుడిచి ఇస్తుంటే ఆ గలగలకు లోపలి నుంచి తమ్ముడి గొంతు.

"అక్కా, నా బండి తాళమా?"