ఆర్కే బీచ్‌లో సోవియట్ ఇనుము

విశాఖ ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర ఆటో ఎక్కితే ఆర్కే బీచ్ ఎంతో దూరం లేదు. అక్కడ మ్యూజియంగా నిలిపిన ఐఎన్ఎస్ కురుసుర జలాంతర్గామికి సోమవారం సెలవు. ఆదివారం జనం తోసుకుంటారు, నింపాదిగా చూడాలంటే మామూలు రోజే మేలు.

పొడవు 91 మీటర్లు, లోపల ఏడు గదులు. గది గదికీ మధ్య గుండ్రటి తలుపు. ముందు కాలు అవతల పెట్టి, తర్వాత నడుం వంచి దూరాలి. తొందరపడితే నెత్తికి ఇనుము తగులుతుంది. ముందు ఆరు, వెనక నాలుగు టార్పెడో గొట్టాలు. 1969లో మన నౌకాదళంలో చేరి 2001 దాకా పనిచేసింది. ఆ మూతల బిగింపు చూస్తూ ఒకటే ఆలోచించాను: ఇది చేసిన సోవియట్ దేశంలో మంచి బూట్ల జత కొట్లోకి దిగిందంటే జనం ఎందుకు బారులు తీరేవారు?

ఆయుధాలకైనా బూట్లకైనా పార్టీ ఒకటే, ప్రణాళికలు వేసే ప్రభుత్వ సంస్థ గోస్‌ప్లాన్ ఒకటే. తేడా తనిఖీలో ఉంది. ఆయుధాల ఫ్యాక్టరీలో సైన్యం మనిషి కూర్చునేవాడు. అతను మేనేజర్ కింద పనిచేసేవాడు కాదు, బాగులేని సరుకును తిప్పికొట్టేవాడు. బూట్లు కొనేవాడికి ఆ అధికారం ఎవరిచ్చారు? మేనేజర్ బోనసు జతల లెక్క మీదే వచ్చేది, సైజు కుదిరినా కుదరకున్నా. నెలాఖరు హడావుడిలో తయారైనవి మరీ నాసి. కోటా మించితే ఇంకో చిక్కు, వచ్చే ఏడు లక్ష్యం పెంచేస్తారు. అందుకని అసలు సామర్థ్యాన్ని దాచేవారు, మాస్కోకు తప్పుడు అంకెలు చేరేవి. అమ్ముడైన సరుకునే లెక్కపెట్టమని 1965లో ప్రధాని కొసిగిన్ సంస్కరణ తెచ్చాడు. ధరలు, ముడిసరుకు పంపకం మాత్రం పైవాళ్ల చేతుల్లోనే ఉంచారు. కొన్నేళ్లకే అది నీరుగారింది.

మర్నాడు కూర్మన్నపాలెం వెళ్లాను. సోవియట్ సహకారంతో కట్టిన ఉక్కు కర్మాగారం అక్కడే. 1971లో శంకుస్థాపన, నిధులు చాలక సాగి సాగి 1992లో జాతికి అంకితం. దక్షిణ కొరియాలో నియంత పార్క్ చుంగ్ హీ పాలనలో పోస్కో ఉక్కు కంపెనీ 1968లో పుట్టి 1973కల్లా ఉక్కు తీసింది. దీన్ని చూపి నియంత ఉంటేనే పనులవుతాయనేవాళ్ల మాట నేను ఒప్పుకోను. అప్పట్లో కొరియాలో కంపెనీలకు చవక అప్పు దొరకాలంటే ఎగుమతి చూపించాలి. విదేశంలో కొనేవాడికి పార్క్ అంటే భయమేముంది? నాసిదైతే వద్దంటాడు. జైరేలో (ఇప్పటి కాంగో) మొబుటూ కూడా నియంతే. రాగి గనుల డబ్బు ఎటు పోతోందని అతన్ని అడిగే నాథుడే లేకపోయాడు.