ముందు బలి, ఆ తర్వాతే దీవెన

మంగళవారం, గుంటూరు

కుక్కర్ కూతలు అయ్యేలోపు లేవీయకాండం తొమ్మిదో అధ్యాయం చదివేశాను. ఏడాదిలో బైబిలంతా చదవాలని మొదలుపెట్టిన చాలామంది ఈ పుస్తకం దగ్గరే చతికిలబడతారు. కొవ్వు, మూత్రగ్రంథులు, బలిపీఠం కొమ్ములకు పూసే రక్తం... టిఫిన్‌కు ముందు కష్టమే మరి. ఇరవై రెండో వచనం మాత్రం వదల్లేదు నన్ను. ఇశ్రాయేలీయుల మొదటి ప్రధాన యాజకుడు అహరోను పాపపరిహారార్థబలి, దహనబలి, సమాధానబలి అర్పించాకే ప్రజలవైపు చేతులెత్తి దీవించాడు. అందులోనూ మొదటి దూడ ఆయన పాపం కోసమే! దీవించేవాడికే ముందు క్షమాపణ కావాల్సివచ్చింది.

ఆదివారం ఆరాధన ఆఖర్న మా లూథరన్ గుళ్లో అయ్యగారు చేతులెత్తి "యెహోవా నిన్ను ఆశీర్వదించి నిన్ను కాపాడును గాక" అనేది ఆ అహరోను వంశానికి అప్పగించిన మాటలతోనే. అప్పటికే సగంమంది చూపు చెప్పులమీద ఉంటుంది.

సాయంత్రం అరండల్‌పేటలో గృహకూడిక, కొత్తిల్లు కొన్నవాళ్లది. సాక్ష్యం చెప్పమంటే ఇంటాయన, "రాబడిలో పదోవంతు, దశమభాగం, దేవుడికివ్వడం ఒక్క నెలా తప్పలేదు, దేవుడు దానికి తగ్గట్టే ఇచ్చాడు" అన్నారు. అందరూ స్తోత్రం అన్నారు. నేనూ అన్నాను, ఆయన సంతోషం నిజమైనదే కాబట్టి. ఆ లెక్కే నాకు మింగుడుపడదు. మనం ఇచ్చినదానికి వచ్చేదైతే అది జీతం. అపొస్తలుడు పౌలు గలతీయులకు రాసిన పత్రికలో మాట వేరు: క్రీస్తు సిలువ మ్రాను మీద మనకోసం శాపమయ్యాడు, అబ్రాహాము పొందిన ఆశీర్వచనం అన్యజనులకు అలా చేరింది. అన్యజనులంటే యూదులు కానివాళ్లు, అంటే మనమేగా. ఆ వచనంలో డాబా లేదు, ప్లాటు లేదు. దేవుడు వాగ్దానం చేసిన పరిశుద్ధాత్మ ఉంది. మా గుళ్లో ముందు బల్లమీద కూర్చునే మామ్మ పింఛను చేతికి రాగానే కానుక పక్కనపెడుతుంది. ఇప్పటికీ రేకుల ఇంట్లోనే ఉంటుంది. ఆవిడకు దీవెన అందలేదని ఎవరనగలరు?

వచ్చేటప్పుడు మా ముందు ఆటో వెనకాల "యేసు రక్తమే జయం" అని ఉంది. అత్తయ్య కూడబలుక్కుని చదివి, "ఈ మాట వాళ్లింట్లో ఎవరూ అనలేదేంటమ్మా?" అన్నారు.

"ప్రార్థనలో అయ్యగారు అన్నారు కదత్తయ్యా."

"అన్నార్లే, బిర్యానీ చల్లారుతుందని గబగబా."

పడుకునేముందు లూకా చివరి అధ్యాయం తీశాను. బేతనియ దగ్గర యేసు కూడా చేతులెత్తి శిష్యుల్ని ఆశీర్వదించాడు. చనిపోయి లేచాక, నేనేనని నమ్మించడానికి వాళ్లకు చూపించిన చేతులే అవి. ఈ యాజకుడికి తనకోసం దూడ అక్కర్లేదు. బలీ ఆయనే.

రేపు పదో అధ్యాయం, అహరోను కొడుకులు నాదాబు అబీహులు అగ్నికి కాలిపోయిన సంగతి. పొద్దున్నే చదవాలనిపించేది కాదు, కానీ వరసలో అదే ఉంది.