అది టెన్షన్ కాదు, నిమ్మకాయంత గడ్డ

ఆపరేషన్ అయి రెండేళ్లు దాటింది. ఇన్నాళ్లూ దీని గురించి రాయలేదు, రాస్తే తిట్లే రాస్తానని భయం. ఇప్పుడు కోపం కాస్త చల్లారింది. పూర్తిగా కాదులెండి.

మాది విశాఖపట్నం, గాజువాక వైపు. నాకప్పుడు 47 ఏళ్లు. ధనుర్మాసంలో ఒక తెల్లవారుజామున వాకిట్లో ముగ్గు వేస్తూ వంగినదాన్ని వంగినట్టే ఉండిపోయాను. తల పగిలిపోతోంది. గుండె చప్పుడు చెవుల్లో వినిపిస్తోంది. చలికాలం, అప్పుడే నీళ్లు చల్లిన వాకిలి, నాకేమో జాకెట్టు తడిసి ఒంటికి అతుక్కుపోయింది. చేతులు మాత్రం చల్లగా అయిపోయాయి. ఏదో ఘోరం జరగబోతోందని భయం, ఏమిటో తెలియదు. పావుగంటలో అంతా పోయింది. లేచి ముగ్గు పూర్తిచేశాను కూడా.

ఆ తరవాత వారానికి రెండు మూడుసార్లు వచ్చేది. బిందె ఎత్తితే, మంచం కింద పెట్టె లాగితే, ఒక్కోసారి ఊరికే కూర్చుని ఉన్నా సరే. డాక్టరు దగ్గరికి వెళ్లేసరికి తగ్గిపోయి బీపీ మామూలుగా ఉండేది. షుగర్ మాత్రం పరగడుపున 168. మా పుట్టింట్లో ఎవరికీ లేదు. నేనా పుల్లలా ఉంటాను, పైగా ఆ ఏడాది ఆరు కిలోలు తగ్గాను. ఇవేవీ ఆయన అడగలేదు. "షుగర్ మొదలైంది. మిగతావన్నీ ఈ వయసులో ఆడవాళ్లకి మామూలే. టెన్షన్ తగ్గించుకోమనండి," అన్నారు, నాతో కాదు, మావారితో.

ఆ ఒక్క మాట మా ఇంట్లో ఏడాదిన్నర కాపురం చేసింది. నాకు చెమటలు పట్టగానే మావారు "టెన్షన్ పడకు" అనేవారు. ఆడపడుచు వచ్చి ఉప్పూ మిరపకాయలతో దిష్టి తీసి వెళ్లింది. కొన్నాళ్లకి నేనే చెప్పడం మానేశాను. వస్తోందని తెలియగానే బాత్రూంలోకి వెళ్లి గడియ పెట్టుకుని, తగ్గాక మొహం కడుక్కుని బయటికి వచ్చేదాన్ని. షుగర్ మాత్రలు ఒకటి రెండయ్యాయి, రెండు మూడయ్యాయి. అంకె మాత్రం దిగలేదు.

చివరికి గుండెదడకని ఇంకో మాత్ర రాశారు. అది మొదలుపెట్టిన మూడో రాత్రి బీపీ 230కి పోయింది. ఆటోలో వేరే ఆసుపత్రికి తీసుకెళ్లారు. అక్కడ డ్యూటీలో ఉన్న అబ్బాయి, మా పెద్దాడి కంటే నాలుగేళ్లు పెద్దవాడేమో, "తలనొప్పి, చెమటలు, గుండెదడ మూడూ కలిసే వస్తాయా ఆంటీ?" అన్నాడు. ఏడాదిన్నరలో ఆ మూడింటినీ కలిపి అడిగినవాడు అతనొక్కడే. చల్లగా ఉండాలి ఆ బిడ్డ.

24 గంటల మూత్రం ఒక డబ్బాలో పట్టి ఇమ్మన్నారు. అందులో ముందే యాసిడ్ పోసి ఇచ్చారు. ఇంట్లో దాన్ని ఎక్కడ పెట్టాలన్నది పెద్ద రభస. పూజగది పక్క బాత్రూం వద్దని అత్తయ్యగారు, పిల్లలు తన్నేస్తారని మావారు. ఆఖరికి పెరట్లో తులసికోటకి ఆమడ దూరంలో పెట్టాం. తరవాత స్కాన్. కుడి కిడ్నీ మీద టోపీలా కూర్చునే ఎడ్రినల్ గ్రంథిలో నిమ్మకాయంత గడ్డ. పేరు ఫియోక్రోమోసైటోమా. నాకు నోరు తిరగడానికి వారం పట్టింది.

హార్మోన్ల డాక్టరుగారు మందుల చీటీ వెనక బొమ్మ గీసి చెప్పారు. "వీధికుక్క తరిమిందనుకోండి. సింపథెటిక్ నరాలు వెంటనే ఈ గ్రంథికి కబురు పెడతాయి. గ్రంథి లోపలి భాగం ఎడ్రినలిన్ వదులుతుంది. లివర్‌లో గ్లైకోజెన్‌గా దాచిన చక్కెర కరిగి రక్తంలోకి వస్తుంది, ఇన్సులిన్‌ని కాసేపు ఆగమంటుంది. పరిగెత్తే కాళ్లకి సరుకు కావాలి కదా. కుక్క పోతే అన్నీ సర్దుకుంటాయి. మీకు కుక్క లేదమ్మా. గడ్డే కబురు లేకుండా ఆ హార్మోన్లు వదిలేస్తోంది." షుగర్ ఎందుకు దిగలేదో అప్పుడు అర్థమైంది. నేను ఏడాదిన్నరగా ఇంట్లో కూర్చునే పరిగెడుతున్నాను.

గుండెదడ మాత్ర సంగతీ ఆయనే చెప్పారు. ఈ జబ్బులో ముందు రక్తనాళాల బిగుతు తగ్గించే మందు పడాలి. అది లేకుండా ఆ మాత్ర ఒక్కటే వేస్తే నాళాలు ఇంకా బిగుసుకుని బీపీ ఎగబాకవచ్చట. ఆంధ్రా మెడికల్ కాలేజీలో చదువుతున్న మా మేనకోడలు ఇంకో ముక్క చెప్పింది. ఎడ్రినలిన్ లివర్ కణం లోపలికి వెళ్లకుండా బయటినుంచే చక్కెర ఎలా కరిగిస్తుందో కనిపెట్టినందుకు సదర్లాండ్ అనే ఆయనకి 1971లో నోబెల్ ఇచ్చారట. మరి భయపడితే షుగర్ పెరుగుతుందన్నది నిజమే అన్నమాట. మొదటి డాక్టరు చెప్పింది పూర్తిగా అబద్ధం కాదు. ఆ భయం ఎక్కణ్ణుంచి పుడుతోందో వెతకలేదు, అంతే. ఆ "అంతే" దగ్గరే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

నాళాల బిగుతు తగ్గించే ఆ మందు, ప్రజోసిన్, రెండు వారాలు వేసి, నీళ్లు బాగా తాగమని, ఉప్పు తినమని చెప్పారు. "బీపీ మనిషికి ఉప్పు తినమంటారేటి, ఆళ్లకేటైనా ఎర్రా?" అని అత్తయ్యగారు. నేను మాత్రం మొహమాటం లేకుండా ఆవకాయ తిన్నాను. ఆపరేషన్ బాగానే జరిగింది, పొట్టమీద చిన్న చిన్న కోతలు, అంతకంటే నాకు తెలియదు.

తెలిసిందల్లా ఆ రాత్రే. ఐసీయూలో రెండు గంటలవేళ మెలకువ వచ్చింది. మెడ వెనక తడి. తరవాత వీపంతా. గడ్డ పోలేదు, మళ్లీ మొదలైంది అనుకున్నాను. పిలవొచ్చు, సిస్టర్ పది అడుగుల దూరంలోనే రాసుకుంటోంది. నోరు విప్పలేదు. ఇంత ఖర్చుపెట్టి కోయించుకుని మళ్లీ చెమటలంటే ఏమనుకుంటారు? టెన్షన్ అంటారు. కళ్లు మూసుకుని, బాత్రూంలో చేసినట్టే, తగ్గేదాకా ఆగుదామనుకున్నాను. పైన లైటు రెండుగా కనిపించింది. పిల్లల పేర్లు గుర్తుచేసుకోబోతే చిన్నవాడి పేరు రాలేదు.

గంట గంటకీ వేలు గుచ్చే వంతు వచ్చి ఆవిడ దగ్గరికొచ్చింది. నుదుటిమీద చెయ్యి వేసి, "ఏటమ్మా, ఇలగ తడిసిపోనావు! పిలవనేదేటి?" అంది. షుగర్ 44కి పడిపోయింది. ఆ చేత్తోనే సూదిలో గ్లూకోజ్ ఎక్కించింది. పది నిమిషాల్లో చిన్నవాడి పేరు గుర్తొచ్చింది, ఏడుపూ వచ్చింది. గడ్డ ఉన్నన్నాళ్లూ అణిగి ఉన్న ఇన్సులిన్, అది పోగానే ఒక్కసారిగా బయటికి వస్తుందని, అందుకే గంటగంటకీ చూడమని రాశారని పొద్దున చెప్పారు. గుండెదడ తెలియకపోవడం మందుల వల్ల, చెమట మాత్రం ఆ మందులకి ఆగదట. శ్రీకాకుళం వైపు మనిషి ఆ సిస్టర్. పేరు అడిగి తెలుసుకున్నాను, ఇక్కడ రాయను. దేవుడి దగ్గర మాత్రం చెబుతాను.

ఇప్పుడు షుగర్ మాత్రలు లేవు, పరగడుపున 96. షుగర్ ఉన్న ప్రతివాళ్లకీ గడ్డ ఉంటుందని భయపడకండి, ఏడాదికి లక్షమందిలో ఒకరికి కూడా కొత్తగా రాని జబ్బు ఇది. వేసుకుంటున్న మాత్రలు మీ అంతట మీరు ఆపకండి కూడా. కానీ తలనొప్పి, చెమట, దడ కలిసి వచ్చి పోతుంటే, వచ్చినప్పుడే ఇంట్లో బీపీ చూసి కాగితం మీద రాసుకోండి. ఆ కాగితం చేత్తో పట్టుకుని వెళ్లండి, మొగుణ్ణి మాట్లాడనివ్వకండి.

అత్తయ్యగారి మొక్కు ప్రకారం మార్గశిర గురువారం బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారికి నా చేత్తోనే పసుపు కుంకుమలు వేసి వచ్చాను. గడ్డ మళ్లీ రావచ్చు కాబట్టి ఏటా పరీక్ష తప్పదు. వచ్చే వారం ఆ యాసిడ్ డబ్బా తెచ్చుకోవాలి. ఈసారి ఎక్కడ పెడతావని అత్తయ్యగారు అప్పుడే అడగడం మొదలుపెట్టారు.