జెండా పండుగ నాటి తాటి రొట్టె

బడిలో జెండా ఎగురవేసి పిల్లలు మిఠాయిలతో ఇళ్ళకు చేరే వేళకు, అమ్మ పెరట్లో కూర్చుని ముగ్గిన తాటిపండు పీచులోంచి గుజ్జు పిండుతోంది.

ఆ గుజ్జులో బియ్యపు రవ్వ, బెల్లం, కొబ్బరి కోరు కలిపి నానబెట్టి, మందపాటి ఇనుప మూకుడులో పోసి, మూతపెట్టి సన్నని సెగ మీద కాల్చిన రొట్టెకు, ఎర్రగా కాలిన ఆ అడుగుభాగమే అసలు రుచి అని నా నమ్మకం.

ఆగస్టు 15కు ప్రత్యేకమైన పిండివంట లేదంటారు గాని, మన సిక్కోలులో తాటిపండ్లు రాలేది ఈ రోజుల్లోనే కదా! 2018లో తిత్లీ తుపాను ఉద్దానం కొబ్బరి తోటలను కూల్చివేసినప్పుడు కూడా మా గట్టు మీది తాటిచెట్లు నిలబడ్డాయి. వాటిని అమ్మేయమని ఎవరడిగినా నాన్న ఒప్పుకోరు.

విజయనగరంలో ఉన్న చెల్లికి సాయంత్రం బస్సులో నాలుగు ముక్కలు పంపుతున్నాను.