ఏడు ఇంటిపేర్ల దీవి నుంచి ఉత్తరం

మా అమ్మాయి స్టాంపుల ఆల్బమ్‌లో ముందు పేజీలు దక్కాలంటే ఒక షరతు ఉంది. ఆ దీవికి విమానాశ్రయం ఉండకూడదు. సెయింట్ హెలెనా నెపోలియన్ కన్నుమూసిన చోటే, 1856 నుంచి సొంత స్టాంపులున్న దీవే. అయినా 2017లో అక్కడికి ప్రయాణికుల విమానాలు మొదలయ్యాయని తెలియగానే దాన్ని వెనక పేజీల్లోకి నెట్టేసింది. పసిఫిక్‌లోని పిట్‌కెయిర్న్‌కి మాత్రం ఢోకా లేదు. జనాభా యాభైకి మించదు, ఓడ తప్ప వేరే దారి లేదు. అన్నిటికంటే ముందు, మొదటి పేజీలో, దక్షిణ అట్లాంటిక్‌లోని ట్రిస్టన్ డ కున్యా.

మేముండేది ఇంగ్లండ్‌లో, సౌతాంప్టన్‌లో. అమ్మాయికి పదకొండేళ్ళు, పుట్టింది ఇక్కడే. శనివారం తెలుగు బడి, వారం మధ్యలో ఈత, ఆదివారం కూచిపూడి, అన్నీ మేం పెట్టినవే. ఈ దీవుల పిచ్చి మాత్రం మేం పెట్టింది కాదు, స్కూల్ పెట్టిందీ కాదు. నాకు ముచ్చటేసేది అందుకే. బయటి దేశంలో పిల్లల్ని పెంచేవాళ్ళం ప్రతిదానికీ ఇది మనదా, ఇక్కడివాళ్ళదా అని లెక్క చూసుకుంటాం. దక్షిణ అట్లాంటిక్ మధ్యలో ఒక అగ్నిపర్వతం అంచున బంగాళాదుంపలు పండించుకునే రెండు వందల చిల్లర మంది ఈ లెక్కలో ఎటూ రారు. "దీనివల్ల ఉపయోగం ఏంటండీ?" అని తెలుగు బడి దగ్గర ఒకావిడ అడిగారు. ఉపయోగం ఉన్నవి చాలా చేయిస్తున్నాంలెండి అన్నాను.

ట్రిస్టన్‌కి కేప్‌టౌన్ నుంచి ఓడలో దాదాపు వారం. ఆ ఓడలు కూడా ఏడాదికి కొన్నిసార్లే. వాళ్ళ ఊరి పేరు ఎడిన్‌బరో ఆఫ్ ది సెవెన్ సీస్. దాంతో అక్కడికి వెళ్ళాల్సిన ఉత్తరాలు స్కాట్లాండ్ ఎడిన్‌బరోకి చేరుతుంటే 2005లో ఆ దీవికి బ్రిటిష్ తరహా పోస్ట్‌కోడ్ ఇచ్చారు. అంతకు చాలా ముందు, 1946లో, మాకూ సొంత స్టాంపులు కావాలని అడగడానికి నమూనాగా ఒక స్టాంపు అచ్చువేయించారు. దాని మీద వెల ఒక పెన్నీ, లేదా నాలుగు బంగాళాదుంపలు! దీవిలో డబ్బు చలామణీ పెద్దగా లేని రోజులు. అధికారికంగా స్టాంపులు వచ్చింది 1952లో, అవి కూడా సెయింట్ హెలెనా స్టాంపుల మీద ట్రిస్టన్ పేరు కొట్టినవి. ఆ బంగాళాదుంప స్టాంపు అసలుది కొనే స్తోమత మాకు లేదు. బొమ్మ ప్రింట్ తీసి అతికించుకుంది.

కొత్త స్టాంపులు కొనిపెడతానంటే మా పిల్ల ఒప్పుకోదు. చిన్న దీవులకు స్టాంపులు ఆదాయం. పిట్‌కెయిర్న్ 1940లో సొంత స్టాంపులు మొదలుపెట్టిన దగ్గర్నుంచీ వాటిని ప్రపంచంలోని సేకర్తలకు అమ్ముకునే బతికింది చాలాకాలం. అందులో తప్పేమీ లేదు. కాకపోతే ఎక్కడో అచ్చై ఎక్కడో అమ్ముడై, ఆ దీవి గాలి కూడా తగలని స్టాంపులు బోలెడు. రాజకుటుంబం పెళ్ళిళ్ళవైతే చెప్పనక్కర్లేదు. ఇంట్లో కూర్చుని కార్డు నంబర్ కొడితే వచ్చేదాన్ని సేకరణ అనను నేను, షాపింగ్ అంటాను. దాని పట్టుదల అంతకంటే సూటిగా ఉంటుంది: "పోస్టాఫీసు ముద్ర లేకపోతే అది ఎక్కడికీ వెళ్ళనట్టే కదమ్మా." అందుకని కార్డు రాసి పంపుతుంది, జవాబు కోసం నెలలు చూస్తుంది. కొన్నిటికి వస్తుంది, కొన్నిటికి రాదు.

ఉత్తరాలు చేరిన తీరు వింటే దీని కళ్ళు ఇంతింతవుతాయి. టోంగా దేశంలో నియువాఫోఉ అనే దీవికి రేవు లేదు. ఓడవాళ్ళు టపాని రేకు డబ్బాలో మూసి సముద్రంలోకి విసిరితే, దీవివాళ్ళు ఈదుకుంటూ వెళ్ళి తెచ్చుకునేవాళ్ళు. 1931లో ఒక ఈతగాణ్ణి సొరచేప పట్టేశాక పడవలు వాడటం మొదలైంది. గలపగోస్‌లోని ఫ్లోరియానా దీవిలో అయితే పోస్టాఫీసంటే ఒడ్డున ఒక పీపా. తిమింగలాల వేటకొచ్చిన నావికుల కాలం నాటి అలవాటు, ఇప్పటికీ నడుస్తోంది. వచ్చినవాళ్ళు తమ కార్డు అందులో వేస్తారు, స్టాంపు అక్కర్లేదు. లోపలున్న వాటిలో తమ ఊరి దగ్గరి చిరునామా కనిపిస్తే తీసుకెళ్ళి స్వయంగా ఇస్తారు. ఇది చదివి వినిపించగానే మావారు, "మన వాట్సాప్ గ్రూపే కదా ఇది!" అన్నారు. నిజమే. "వచ్చే వారం ఎవరైనా హైదరాబాద్ వెళ్తున్నారా? చిన్న కవర్, డాక్యుమెంట్స్ మాత్రమే" అన్న మెసేజ్ లేని రోజుండదు అందులో. తిరుగు ప్రయాణంలో ఆవకాయ డబ్బా వస్తుంది, ముక్కూ మొహం తెలియనివాళ్ళ సూట్‌కేసులో.

కాకినాడలో ఉన్న మామయ్యగారికి ఈ కబుర్లన్నీ వీడియో కాల్‌లో చేరతాయి. ఆయన మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: "అక్కడ మనవాళ్ళెవరైనా ఉన్నారా?" ట్రిస్టన్‌లో లేరు తాతయ్యా అంది. అక్కడ అనాదిగా ఉన్నవి ఏడే ఇంటిపేర్లు: గ్లాస్, గ్రీన్, హేగన్, లవరెల్లో, రెపెట్టో, రోజర్స్, స్వేన్. అందులో రెండు, ఓడ బద్దలై అక్కడే ఉండిపోయిన ఇటలీ నావికులవి. ఏడే ఇంటిపేర్లనేసరికి ఆయన కంగారుపడ్డారు. "మరి పెళ్ళి సంబంధాలెలా?" దానికి ఆ ప్రశ్న అర్థం కాలేదు. అర్థమయ్యేలా చెప్పడానికి ఇంటిపేర్లు, గోత్రాలు, మేనరికాలు అన్నీ తవ్వాల్సి వచ్చింది. తెలుగు బడి పుస్తకంలో లేని పాఠం, అరగంట పట్టింది.

మనవాళ్ళున్న దీవిని ఆయనే వెతికిపెట్టారు, మారిషస్. కాకినాడ పక్కనే ఉన్న కోరంగి రేవు నుంచి చెరకు తోటల పనికి అక్కడికి వెళ్ళిన తెలుగువాళ్ళ వారసులున్నారని, అక్కడ ఉగాది ప్రభుత్వ సెలవని ఉత్సాహంగా చెప్పారు. 1847లో అచ్చైన మారిషస్ స్టాంపులు ప్రపంచంలోనే అరుదైనవని నేనూ అందుకున్నాను. పిల్ల శ్రద్ధగానే వింది. విని, "పది లక్షల పైన జనం, పెద్ద ఎయిర్‌పోర్టు" అని వెనక పేజీ కేటాయించింది. ఆయన నొచ్చుకున్నారేమో అనుకున్నాను కానీ, షరతు షరతే అన్నారు.

ట్రిస్టన్‌కి మా ఊరితో చుట్టరికం ఉంది. 1961 అక్టోబర్‌లో అగ్నిపర్వతం పేలితే ఆ దీవి జనాన్నంతా, సుమారు 260 మందిని, ఖాళీ చేయించి ఇంగ్లండ్ తీసుకొచ్చారు. వాళ్ళు ఓడ దిగింది సౌతాంప్టన్‌లోనే. కొన్నాళ్ళకు ఇక్కడికి దగ్గర్లోని కాల్షాట్‌లో, వాయుసేన వదిలేసిన ఇళ్ళలో ఉంచారు. అక్కడ ట్రిస్టన్ క్లోజ్ అని వీధి ఇప్పటికీ ఉంది. ఉద్యోగాలు దొరికాయి, టీవీలు చూశారు, పిల్లలు బడికెళ్ళారు. ఇక్కడి జలుబులకీ జ్వరాలకీ మాత్రం వాళ్ళ ఒళ్ళు అలవాటు పడలేదు. ఇక ఇక్కడే స్థిరపడతారని అందరూ అనుకుంటుంటే 1962 చివర్లో ఓటు వేసుకున్నారు. వెళ్ళిపోదామని 148, ఉండిపోదామని 5. 1963లో చాలామంది వెళ్ళిపోయారు. అలా వెళ్ళినవాళ్ళలో కొందరు కొన్నేళ్ళకు మళ్ళీ ఇంగ్లండ్ వచ్చేశారు కూడా, ఆ సంగతి తక్కువమంది చెప్తారు.

ఒక ఆదివారం కాల్షాట్ ఒడ్డున చిప్స్ తింటూ ఈ కథంతా మాకు చెప్పి, "మనం ఎప్పుడైనా ఓటు వేసుకున్నామా?" అని అడిగింది.

ఇంటికి వెళ్ళిపోవడం గురించి మా ఇంట్లో మాట్లాడని నెల లేదు. పాప సెకండరీ స్కూల్‌కి వచ్చేలోపు వెళ్ళిపోదాం అనేది మొదటి గడువు. ఇప్పుడది జీసీఎస్ఈ, అంటే ఇక్కడి పదో తరగతి లాంటి పరీక్షలయ్యాక అని జరిగింది. ఓటు అనే మాట మాత్రం ఎవరి నోటా రాలేదు. వెనక్కి వెళ్దాం అంటాం మేమిద్దరం. దానికి అది వెనక్కి కాదు, కొత్తగా వెళ్ళడమే.

"ముగ్గురమే కదా, ఓటెందుకే?" అన్నారు మావారు.

"తాతయ్యకీ నానమ్మకీ ఉండదా ఓటు?"

సాయంత్రం కాల్ చేసి అదే అడిగింది. మామయ్యగారు చాలాసేపు ఆలోచించారు. "రమ్మని వేస్తే మీ నాన్న ఉద్యోగం మాటేంటి? వద్దని వేస్తే నానమ్మ నాకు కాఫీ ఇవ్వదు. రహస్య బ్యాలెట్ పెట్టించమ్మా."

సరే, పోస్టులో పంపండి, పోస్ట్‌కార్డు మీద, కాకినాడ ముద్ర కనిపించేలా అంది ఇది. పోస్ట్‌కార్డు మీదైతే ఇంక రహస్యం ఎక్కడేడిసింది, పోస్ట్‌మ్యాన్ చదివి వీధంతా చెప్తాడని వెనక నుంచి అత్తయ్యగారు.