లాయరు మీద బార్ కౌన్సిల్‌కు ఫిర్యాదు: నా అనుభవం

వకీలు వాయిదాలకు పోక దావా డిఫాల్ట్‌లో కొట్టేస్తే ముందు పరుగెత్తాల్సింది బార్ కౌన్సిల్‌కు (లాయర్ల నమోదు, క్రమశిక్షణ చూసే సంస్థ) కాదు, అదే కోర్టుకు. దావాను తిరిగి తెరిపించే పిటిషన్‌కు గడువు కొట్టేసిన రోజు నుంచి 30 రోజులే. ఫీజు బాకీ ఉందని ఫైలు పట్టుకు కూర్చునే హక్కు లాయరుకు లేదని 2000లో ఆర్.డి. సక్సేనా కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది. ఫైలు అడిగేటప్పుడు ఆ తీర్పు పేరెత్తితే పని త్వరగా అవుతుంది.

ఫిర్యాదు 1961 అడ్వకేట్స్ చట్టం సెక్షన్ 35 కింద. లాయరు పేరు ఏ రాష్ట్రం రోల్‌లో (నమోదు జాబితాలో) ఉంటే ఆ బార్ కౌన్సిల్‌కే ఇవ్వాలి. హైదరాబాద్‌లో ప్రాక్టీసు చేస్తున్నా, విభజనకు ముందు ఎన్‌రోల్ అయినవాళ్ల నంబరు 'ఏపీ' అనే మొదలవుతుంది. కాబట్టి వకాలత్ (కేసు నడపమని మనం లాయరుకు ఇచ్చిన కాగితం) మీది నంబరు చూసి ఊహించకుండా, రోల్ ఎక్కడుందో కనుక్కున్నాకే కాగితం కదపాలి.

పిటిషన్ తెలుగులో రాయొచ్చు, ఉత్తరంలా రాస్తే మాత్రం నడవదు. నాది మొదటిసారి వెనక్కొచ్చింది వెరిఫికేషన్ లేకే. చివర్లో 'పై 1 నుంచి 6 పేరాలు నాకు స్వయంగా తెలిసినవి, 7, 8 పేరాలు తెలిసిన సమాచారాన్ని బట్టి నిజమని నమ్ముతున్నవి' అని రాసి, స్థలం, తేదీ వేసి, కింద సంతకం పెట్టాలి. వకాలత్ కాపీ, కొట్టేసిన ఆర్డరు సర్టిఫైడ్ కాపీ, ఫీజు పంపిన బ్యాంకు స్టేట్‌మెంటు జతచేశాను. వాట్సాప్ ప్రింట్లు పెడితే భారతీయ సాక్ష్య అధినియమ్ (కొత్త సాక్ష్య చట్టం) సెక్షన్ 63 సర్టిఫికెట్ కూడా ఉండాలి. 'మోసగాడు' లాంటి మాటలన్నీ కొట్టేశాను, తేదీలు చాలు.

లాయరు వివరణ తెప్పించుకుని, నమ్మదగ్గ కారణం కనిపిస్తేనే కౌన్సిల్ విషయాన్ని ముగ్గురి క్రమశిక్షణ కమిటీకి పంపుతుంది. అక్కడ మనల్ని క్రాస్ (ఎదురు ప్రశ్నలు) చేస్తారు. రసీదు లేకుండా నగదు ఇచ్చినవాళ్లు నీరుగారిపోయేది అక్కడే. కేసు ఓడిపోవడం ఒక్కటే తప్పు కిందికి రాదు. మధ్యలో రాజీపడినా, ఆ ఒక్క కారణంతో విచారణ ఆపకూడదు.

ఏడాదిలో తేలకపోతే సెక్షన్ 36బి ప్రకారం ఫైలు బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాకు పోతుంది. ఆ ఏడాది ఫిర్యాదు అందిన రోజు నుంచే లెక్క, అందుకే ముద్ర వేసిన కాపీ నా దగ్గర ఉంచుకున్నాను.

శిక్ష మందలింపు, సస్పెన్షన్, లేదా రోల్ నుంచి పేరు తొలగింపు. కట్టిన ఫీజు తిరిగి ఇప్పించడం వాళ్ల పని కాదు. 2024 మేలో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో వినియోగదారుల ఫోరం దారీ మూసుకుపోయింది, డబ్బుకు సివిల్ దావానే గతి. కమిటీ ఆర్డరు మీద అప్పీలుకు గడువు అది అందిన రోజు నుంచి 60 రోజులు, ఆర్డరు వచ్చిన కవరు పారేయకండి.